పద్నాలుగో గడిలో టిక్కు

"ఆదివారం పొద్దున పది యాభై రెండుకి మీరెక్కడున్నారు, సిత్ దౌలత్?"

"నా కుర్చీలో."

"నిన్న పోలీసులకీ ఇదే చెప్పారా?"

"ఇదే చెప్పాను. రేపు మళ్ళీ పిలిచినా ఇదే చెప్తాను."

ఇనాస్ షలబీ పెన్ను బల్ల మీద పెట్టింది. అబద్ధాలు వినడం ఆమెకు కొత్త కాదు. అయితే మనుషులు మామూలుగా బయటపడటానికి అబద్ధమాడతారు. ఎదురుగా కూర్చున్న ఈ నలభై ఆరేళ్ళ గుమాస్తా మాత్రం ఇరుక్కోవడానికి ఆడుతోంది. ఆదివారం పది యాభై రెండుకి దౌలత్ నిజంగానే తన కుర్చీలో ఉంటే, ఒక మనిషి చావుకి కారణం ఆమే.

దుర్రా నౌకాసంస్థకు ఇరవై మూడు ఓడలు. ఏ కంటైనరులో ఏ సరుకుందో, అది ఓడలో ఏ అరలో ఉందో చెప్పే జాబితాలు ఒకప్పుడు ఓడకొకటి, రేవుకొకటి, అగ్నిమాపక దళానికొకటి విడివిడిగా ఉండేవి. ఆరేళ్ళ కిందట వాటన్నిటినీ కలిపి పోర్ట్ సయీద్‌లోని ఈ భవనంలో, ఒకే సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించారు. ఇక్కడ ఒక్క మాట దిద్దితే చాలు, అదే నిమిషంలో అన్ని చోట్లా మారిపోతుంది.

ఆదివారం ఎవరో ఒక్క మాట దిద్దారు. 4471 నంబరు కంటైనరు పక్కన "బ్లీచింగ్ పౌడరు, ప్రమాదం" అని ఉన్నచోట "నూలు తువ్వాళ్ళు" అని పెట్టారు. ఎర్రగుర్తు పోయింది. ప్రమాదకరమైన సరుకుకి చోటు లేదని రెండు వారాలు ఆపాల్సిన పెట్టె అదే రోజు జహ్రా ఓడ ఎక్కింది. ఎక్కి, ఇంజను గది గోడకు ఆనుకుని కూర్చుంది. మంగళవారం సాయంత్రం నాలుగూ ఇరవైకి పొగ లేచింది. అగ్నిమాపక దళం పెద్ద రయ్యిస్ అవద్ జాబితా చూసి, తువ్వాళ్ళే కదా అని ఊపిరి డబ్బా కూడా తగిలించుకోకుండా, ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని కిందికి దిగాడు. తువ్వాళ్ళ పొగ కాదది, క్లోరిన్. బుధవారం తెల్లవారేసరికి ఆస్పత్రిలో ప్రాణం వదిలాడు.

దిద్దినవారి పేరు జాబితాలో స్పష్టంగా ఉంది: దౌలత్ అబుల్ ఎనీన్.

జహ్రాకు బీమా ఇచ్చినవాళ్ళు ఇనాస్‌ను విచారణకు పంపారు. ఆమెకు ఈ భవనం కొట్టిన పిండి. నాలుగేళ్ళ కిందట, ఈ సాఫ్ట్‌వేర్‌లోకి ఎవరెవరు రాగలరు, ఎవరెవరు రాకూడదు అన్నది తనిఖీ చెయ్యడానికి వచ్చి ఆరు వారాలు ఇక్కడే కూర్చుంది. తాళాలన్నీ గట్టిగా ఉన్నాయని రాసిచ్చి వెళ్ళింది.

"సిత్ దౌలత్, ఆదివారం మీ బల్ల మీద ఫోన్ పది నలభై నాలుగుకి మోగింది. పది యాభై ఒకటికి మోగింది. పది యాభై ఎనిమిదికి మళ్ళీ మోగింది. జహ్రా ఏజెంటు చేశాడు. మూడుసార్లూ ఎవరూ ఎత్తలేదు. కుర్చీలో కూర్చున్న మనిషికి చెవులు లేవా?"

దౌలత్ తలవంచుకుంది. చేతులు ఒళ్ళో ముడుచుకుంది. ఎడమ మణికట్టు పైన సన్నటి కాలిన గీత ఉంది. దాని కింద ఇంకొకటి, పాతది. వేడి గిన్నె అంచు తగిలితే అలాంటి గీతలు పడతాయి. వేళ్ళ సందుల్లో జీలకర్ర వాసన.

"మీరు బయటున్నారు. ఎక్కడున్నారో చెప్తే ఇంటికెళ్ళిపోతారు."

"నా కార్డు చూసుకోండి. ఎనిమిదీ రెండుకి లోపలికొచ్చాను. నాలుగూ పదికి వెళ్ళాను."

"వెనక తలుపుకి కార్డు యంత్రం లేదని మీకూ తెలుసు, నాకూ తెలుసు."

దౌలత్ ముఖం చెవులదాకా ఎర్రబడింది. దొరికిపోయానన్న భయం కాదది. ఆ రంగు ఇనాస్‌కి తెలుసు. సిగ్గు.

తలుపు కొట్టకుండానే తోసుకుని మేజర్ హాతిమ్ గునైమ్ లోపలికి వచ్చాడు. రేవు పోలీసుల్లో నేరవిభాగం అతనిది. జేబులో ఎప్పుడూ పొద్దుతిరుగుడు గింజలుంటాయి. మాట్లాడుతూనే ఒలుస్తాడు, ఒలుస్తూనే అరెస్టు చేస్తాడు అని రేవులో చెప్పుకుంటారు.

"అయిందా మదామ్ మీ కబుర్లు? కింద నా బండి ఎండలో మాడుతోంది."

"ఇంకో అరగంట కావాలి, హాతిమ్ బే."

"దేనికి? ఆవిడ పేరుంది, ఆవిడ పాస్‌వర్డుంది. రయ్యిస్ అవద్‌ని నిన్న మధ్యాహ్నం మట్టిలో పెట్టొచ్చాం. వాళ్ళమ్మ నన్ను పట్టుకుని ఒకటే అడిగింది: తువ్వాళ్ళు మా వాణ్ణి ఎలా చంపాయి బాబూ, అని. ఏం చెప్పమంటారు? మదామ్ ఇనాస్ ఇంకో అరగంట అడిగారమ్మా అని చెప్పనా?"

"పేరు వేరు, మనిషి వేరు. ఆ పేరు వెనక కూర్చున్నదెవరో ప్రతి కదలికా నమోదయ్యే లోపలి లాగ్‌లో ఉంటుంది. అది చూశారా?"

"లోపలిదో బయటిదో, ఆ గోలంతా మీది. ఈ కోటకి తాళాలు బ్రహ్మాండంగా ఉన్నాయని సర్టిఫికెట్టిచ్చింది మీరేగా! తాళాలు అంత గట్టివైతే దొంగ తాళంచెవి ఉన్నవాడే. తాళంచెవి ఈవిడ దగ్గరుంది. మీ లెక్కే నేను చెప్తున్నా." గింజ తొక్క అరచేతిలోకి ఊశాడు. "పదకొండున్నర. అప్పటిదాకా ఇస్తా. మీ మీద గౌరవంతో కాదు, టీ తాగలేదు గనక."

గోడగడియారంలో పదకొండూ ఆరు.

* * *

సర్వర్ల గది బాధ్యత ఇంజనీరు లుత్ఫీది. మెత్తటి మనిషి. ఎవరు గట్టిగా మాట్లాడినా ముందు కళ్ళజోడు తుడుచుకుంటాడు.

"పై లాగ్‌లో పేరు మాత్రమే పడుతుంది మదామ్. లోపలి లాగ్ ఎవరూ అడగరు. నేను చేరి మూడేళ్ళయింది, మీరే మొదటిసారి అడగటం."

"పోలీసులు అడగలేదా?"

లుత్ఫీ హాతిమ్ వైపు చూసి కళ్ళజోడు తీశాడు. హాతిమ్ టీ గ్లాసులో పుదీనా ఆకుని చెంచాతో అదిమాడు. "కానివ్వండి, కానివ్వండి."

తెర మీద వరసలు కదిలాయి. లుత్ఫీ వేలుపెట్టి చదివాడు.

"ఆదివారం. పది నలభై తొమ్మిది, లోపలికి వచ్చింది... ఇదేంటి? ఇది దౌలత్ కాదు. పది యాభైకి దౌలత్ పేరు తొడుక్కుంది. అంటే, పెద్ద అధికారం ఉన్న ఖాతా ఏదైనా ఇంకొకరి పేరుతో పని చెయ్యొచ్చు మదామ్. పది యాభై రెండుకి దిద్దింది. పది యాభై మూడుకి బయటికి పోయింది."

"తొడుక్కున్నదెవరు?" హాతిమ్ టీ గ్లాసు పక్కన పెట్టాడు.

"ముదక్కిక్-2 అని ఉంది. తనిఖీదారు రెండు. పాత ఖాతా బే, నాకంటే ముందుది. మనిషి పేరు లేదు. తనిఖీలప్పుడు తాత్కాలికంగా ఇచ్చేవారు. పని అయ్యాక మూసెయ్యాలి. ఎవరో మూయలేదు."

ఇనాస్‌కి చెవుల్లో గాలి హోరెత్తినట్టయింది.

ముదక్కిక్-1 ఆమె పై అధికారి. అతను ఒక్కరోజు కూడా వాడలేదు. ముదక్కిక్-2 తనే. ఈ గదిలోనే, ఆ కిటికీ పక్కనే కూర్చుని ఆరు వారాల పాటు ఆ పేరుతోనే లోపలికి వెళ్ళింది. చివరి రోజు గురువారం. మధ్యాహ్నం రెండున్నర. ఖాతా మూయాల్సినతను భోజనానికి వెళ్ళాడు. బయట కారు హారన్ కొడుతోంది. "రేపు మూసేస్తాడు లెండి మదామ్" అని ఎవరో అన్నారు. తనిఖీ పత్రంలో ఇరవై గడులుండేవి. పద్నాలుగో గడి: తాత్కాలిక ఖాతాలు మూసివేయడమైనది. చూడకుండానే టిక్కు పెట్టింది. కింద సంతకం పెట్టింది.

ఆ సర్టిఫికెట్టుతోనే ఆమెకు పేరొచ్చింది. ఆ పేరుతోనే ఈ విచారణకు పిలిచారు.

"ఎవరిదో తెలుసా మదామ్?" లుత్ఫీ అడిగాడు, ఏ ఎత్తుపొడుపూ లేకుండా.

"ఏ యంత్రం నుంచి వచ్చారో ఉందా?" అంది ఇనాస్.

జవాబు చెప్పకుండా ప్రశ్న వెయ్యడం ఆమె ఇతరుల్లో చూసి పట్టుకునే మొదటి గుర్తు. హాతిమ్ పట్టుకోలేదు.

"ఉంది. రెండో అంతస్తు, శిక్షణ గది. మూడో యంత్రం."

* * *

శిక్షణ గదికి తాళం ఉంది కానీ చెవి తలుపు పక్కన మేకుకే వేలాడుతోంది. హాతిమ్ దాన్ని వేలితో ఊపి నవ్వాడు. "ఇది కూడా మీ సర్టిఫికెట్టులో ఉందా మదామ్?"

ఇనాస్ వినిపించుకోనట్టు లోపలికి నడిచింది. ఎనిమిది యంత్రాలు, రెండు వరసలు. ఏడింటి మీద వేలితో పేరు రాసుకునేంత దుమ్ము. మూడోదాని మీటల మీద మాత్రం దుమ్ము లేదు. దాని కుర్చీ పక్కకు జరిపి ఉంది. కుర్చీ ఎత్తు పైకంటా లేపి ఉంది. పొడుగు మనిషి.

"దౌలత్ నా భుజం దాకా ఉంటుంది," అంది ఇనాస్. "ఇంత ఎత్తు కుర్చీలో కూర్చుంటే కాళ్ళు నేలకానవు."

"కుర్చీ ఎత్తు చూసి కోర్టు వదిలెయ్యదు." కానీ అతనూ వంగి చూశాడు. తర్వాత తన ఆఫీసుకి ఫోన్ చేస్తూ కిటికీ దగ్గరికి వెళ్ళాడు. "ఫుఆద్? వేలిముద్రలవాళ్ళని పంపు. రెండో అంతస్తు శిక్షణ గది... ఆఁ, మూడో యంత్రం. లోపలి లాగ్‌లో దొరికింది... ముదక్కిక్ అట, రెండు. సరే సరే."

గది వెనక పాత ఫైళ్ళ బీరువా. తలుపు ఓరగా తెరిచి ఉంది. ఇనాస్ దాన్ని తెరిచింది. ఏం వెతుకుతోందో ఆమెకు తెలుసు. దొరకకూడదని కూడా కోరుకుంది.

మూడో అరలో నీలం అట్ట ఫైలు. దుమ్ము తుడిచిన వేళ్ళ గుర్తులు అట్ట మీద చారలుగా ఉన్నాయి. ఎవరో ఈ మధ్యే తీసి చూశారు. తెరవగానే చేతికొచ్చింది: ఇరవై గడుల పత్రం. పద్నాలుగో గడిలో టిక్కు. కింద ఆమె సంతకం, కొంచెం గర్వంగా, తోక పొడుగ్గా లాగి. దాని వెనక పిన్నుతో గుచ్చిన చిన్న చీటీ. ఆమె చేతిరాతే. మొదటిరోజు మర్చిపోకుండా రాసుకున్నది: ఖాతా పేరు, పాస్‌వర్డు. పక్కన "మార్చాలి" అని, కింద రెండు గీతలు.

మార్చలేదు.

హాతిమ్ ఇంకా కిటికీ వైపు తిరిగే ఉన్నాడు. లుత్ఫీ గుమ్మంలో నిలబడి కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. గదిలో ఉన్నవాళ్ళలో ముదక్కిక్-2 ఎవరో తెలిసిన మనిషి ఒక్కతే.

ఇనాస్ ఆ రెండు కాగితాలనూ మడిచింది. సంచిలో పెట్టుకుంది.

పెట్టుకున్న చెయ్యి ఎవరిదో అన్నట్టు ఒక్క క్షణం చూసుకుంది. పదిహేనేళ్ళుగా ఆమె పట్టుకున్న వాళ్ళందరూ ఇలాగే మడిచారు, ఇలాగే పెట్టుకున్నారు. వాళ్ళ ముందు కూర్చుని ఆమె పెద్ద పెద్ద మాటలు చెప్పింది.

గడియారం పదకొండూ ఇరవై నాలుగు.

* * *

కిందికి దిగేసరికి వరండాలో గుమాస్తాలంతా గుమిగూడి ఉన్నారు. ఇద్దరు పోలీసుల మధ్య దౌలత్ నిలబడి ఉంది. చేతిసంచి పొట్టకు అదుముకుంది.

హాతిమ్ ఆమె ఎదుట ఆగాడు. "సిత్ దౌలత్, ఆదివారం ఎవరో శిక్షణ గదిలో కూర్చుని దిద్దారు. ఆ టైముకి నువ్వు నీ బల్ల దగ్గర లేవు. ఈ మాట నేననలేదు, మదామ్ ఇనాస్ అన్నారు. ఫోను మూడుసార్లు మోగినా ఎత్తలేదట. మరి రెండో అంతస్తుకి వెళ్ళింది నువ్వేనా?"

తాను దౌలత్‌ను కాపాడటానికి పట్టుకున్న దారం ఉరితాడై తిరిగిరావడం ఇనాస్ చూసింది.

"నేను కాదు," అంది దౌలత్.

"మరెక్కడున్నావ్?"

వెనక ఎవరో "పాపం" అన్నారు. ఇంకెవరో కిసుక్కున నవ్వారు.

"చెప్పవమ్మా. చెప్తే వదిలేస్తా. చెప్పకపోతే అవద్ వాళ్ళమ్మకి నీ పేరే చెప్తా."

దౌలత్ తలెత్తింది. గుమాస్తాల వైపు చూడలేదు. ఎదురుగోడ వైపు చూస్తూ, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

"రెండో గేటు అవతల ఉడికించిన చిక్కుడు గింజల బండి, ఫూల్ బండి ఉంది కదా బే. మీరూ తింటారు అక్కడ. ఆ బండి నడిపేది మా ఆయన. కువైత్‌లో ఇంజనీరని ఇక్కడ అందరికీ చెప్పాను. ఇంజనీరే ఒకప్పుడు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. పదిన్నర నుంచి పదకొండు దాకా జనం ఎగబడతారు, ఒంటిచేత్తో ఆయనకు కాదు. రోజూ వెనక తలుపులోంచి వెళ్ళి పళ్ళేలు కడిగి వస్తాను. ఆదివారమూ అక్కడే ఉన్నాను. పళ్ళేలు కడుగుతున్నాను." ఆమె పై మెట్ల వైపు చూసింది. "చాలా? ఇంకా గట్టిగా చెప్పాలా, పై అంతస్తువాళ్ళకీ వినపడేలాగా?"

ఎవరూ నవ్వలేదు. ఆమె పక్క బల్ల అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

హాతిమ్ కూడా కొంచెం తగ్గాడు. కానీ అతను పోలీసు. "మొగుడి సాక్ష్యం పెళ్ళానికి పనికిరాదు సిత్. ఇంకెవరైనా చూశారా?"

"పళ్ళేలు కడిగే దాని ముఖం ఎవరు చూస్తారు బే? మీరు చూశారా ఎప్పుడైనా?"

అతను చేత్తో పోలీసులకు సైగ చేశాడు. వాళ్ళు దౌలత్ భుజం పట్టుకున్నారు.

ఇనాస్ తలలో ఇంకా లెక్కలు నడుస్తూనే ఉన్నాయి. ఇవాళ పట్టుకెళ్ళనీ. రెండు రోజుల్లో కుర్చీ ఎత్తు, వేలిముద్రలు చూపించి విడిపించవచ్చు. చీటీ సంగతి ఎవరికీ తెలియక్కర్లేదు. నేరస్థుణ్ణి పట్టుకుంటే చాలు కదా. అన్నీ సబబుగానే ఉన్నాయి. దాచుకోవడానికి ఈ గుమాస్తాకి ఉన్నది భర్త పడిపోయిన చెయ్యి. దాన్ని కూడా ఇందరి ముందు విప్పి చూపించింది. తన సంచిలో ఉన్నదేమో ఒక టిక్కు.

"ఆగండి," అంది.

హాతిమ్ తిరిగాడు.

"ముదక్కిక్-2 నేనే."

ఇనాస్ సంచిలోంచి కాగితాలు తీసి అతని చేతికిచ్చింది.

"నాలుగేళ్ళ కిందట నాకిచ్చిన ఖాతా. మూశానని టిక్కు పెట్టాను. మూయలేదు, ఎవరైనా మూశారో లేదో చూడనూ లేదు. పాస్‌వర్డు చీటీ ఫైల్లో వదిలేసి వెళ్ళాను. ఎవడో తీసుకుని వాడాడు. దౌలత్‌కి దీంతో ఏ సంబంధమూ లేదు. రయ్యిస్ అవద్ తల్లికి ఎవరి పేరైనా చెప్పాలంటే ముందు నాది చెప్పండి."

హాతిమ్ కాగితాలు చదివాడు. నిదానంగా, రెండుసార్లు. అతని ముఖంలో ఇనాస్ ఊహించిన ఎగతాళి కనబడలేదు. అది కనబడి ఉంటే బాగుండేది.

"ఇవి మీ సంచిలోకి ఎప్పుడెళ్ళాయి?"

"పదకొండూ ఇరవై నాలుగుకి."

అతను చేతిగడియారం చూశాడు. "ఏడు నిమిషాలు."

"అవును."

"ఈవిడ ఆ మాటలన్నీ చెప్పిందాకా ఆగారు."

ఇనాస్ తలవంచుకుంది. దౌలత్ తన వంక చూస్తోందని తెలుసు. ఆ చూపు ఎలా ఉందో తలెత్తి చూసే ధైర్యం లేకపోయింది.

"వదలండ్రా ఆవిణ్ణి," అన్నాడు హాతిమ్.

* * *

"మీ ఖాతా నా అధికారం కంటే పైది మదామ్. మూయాలంటే మీరే లోపలికి వెళ్ళి మూయాలి." సర్వర్ల గదిలో లుత్ఫీ కుర్చీ ఆమెకు జరిపాడు. "మీటలు నేను నొక్కుతాను. పాస్‌వర్డు చెప్పండి."

దౌలత్ కూడా వెంట వచ్చింది. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు.

ఇనాస్ గొంతు సవరించుకుంది. ఊరూరా తిరిగి, పాస్‌వర్డు ఎలా ఉండకూడదో కంపెనీలకు ఉపన్యాసాలిచ్చిన మనిషి ఆమె.

"దుర్రా. ఒకటి, రెండు, మూడు, నాలుగు."

హాతిమ్ దగ్గాడు. అది దగ్గు కాదని అందరికీ తెలిసింది.

లుత్ఫీ మీట నొక్కాడు. తెర ఎర్రబడింది. అతను ముందుకు వంగాడు. "లోపలికి రానివ్వడం లేదు మదామ్. ఈ ఖాతా ఇప్పుడు వాడుకలో ఉందంటోంది."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. పదకొండూ ఇరవై తొమ్మిదికి వచ్చాడు. ఇంకా లోపలే ఉన్నాడు." అతని వేళ్ళు మీటల మీద పరిగెత్తాయి. "యా రబ్బీ! లోపలి లాగ్ చెరిపేస్తున్నాడు. ఆదివారం వరసలు పోయాయి. చూడండి, ఒక్కొక్కటే పోతోంది."

"ఏ యంత్రం?" హాతిమ్ అరిచాడు. "ఎక్కడ కూర్చున్నాడు వాడు?"

లుత్ఫీ చూశాడు. చూసి, కళ్ళజోడు తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు.

"రేవు పోలీసు కార్యాలయం, బే. జాబితాలు చూసుకోడానికి మీకిచ్చిన యంత్రం. మీ గదిలోది."

"నా గదిలో..." హాతిమ్ నోట్లో గింజ అలాగే ఉండిపోయింది. "నా గదిలో నా సహాయకుడు ఫుఆద్ తప్ప ఎవరూ ఉండరు. పద్నాలుగేళ్ళుగా నా దగ్గర... నా తాళాలన్నీ వాడి దగ్గరే ఉంటాయి. వారం వారం ఈ భవనానికి కాగితాలు తెచ్చేది కూడా వాడే."

ఫుఆద్. శిక్షణ గది కిటికీ దగ్గర నిలబడి హాతిమ్ అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది అతనికే. లాగ్ దొరికిందని, యంత్రం దొరికిందని, ఖాతా పేరుతో సహా.

"పొడుగ్గా ఉంటాడా?" ఇనాస్ అడిగింది.

హాతిమ్ చెయ్యి అలవాటుగా ఫోన్ మీదికి పోయింది. ఇనాస్ ఆ చెయ్యి పట్టుకుంది.

"మీ గదికి చేస్తే ఎత్తేది అతనే."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. తేలు కుట్టిన దొంగకి ఎలా ఉంటుందో ఆ ఉదయం ఆమెకు తెలిసొచ్చింది, ఇప్పుడు అతనికీ తెలుస్తోంది. అతను తలుపు వైపు పరుగెత్తాడు. మెట్ల మీద బూట్ల చప్పుడు, కింద బండి తలుపు చప్పుడు.

"మదామ్!" లుత్ఫీ కేకేశాడు. "ఇవాళ్టి వరస ఒకటుంది. తొమ్మిదీ పదిహేను. 2209 నంబరు. బ్లీచింగ్ పౌడరు అని ఉన్నది సిరామిక్ పలకలుగా మార్చాడు. ఓడ... రీమ్. పెట్టిన అర..." వరస అతని వేలికిందే మాయమైంది. "పోయింది. అర నంబరు చూడలేకపోయాను."

"జాబితాలో లేదా?"

"ఉంది, కానీ అది వాడు మార్చిన తర్వాతది. ఇప్పుడు అందులో దేన్ని నమ్మమంటారు?"

"తీగ లాగెయ్యండి."

"లాగితే ఇరవై మూడు ఓడలకీ జాబితా ఉండదు మదామ్. రేవు మొత్తం..."

"ఇంకా చెరిపితే మిగిలిందీ పోతుంది. లాగండి. ఎవరన్నా అడిగితే నేను లాగమన్నానని నా పేరు రాయండి. ఈసారి నిజంగా నా పేరే."

లుత్ఫీ కళ్ళు మూసుకుని లాగాడు. గదిలో యంత్రాల రొద ఆగిపోయింది. తెరలన్నీ నల్లబడ్డాయి. పదకొండూ నలభై నాలుగు.

"రీమ్ పన్నెండున్నరకి బయల్దేరుతుంది," అంది దౌలత్. బల్ల మీది ఫోన్ తనవైపు లాక్కుని, ఏ కాగితమూ చూడకుండా నంబరు నొక్కింది. "కెప్టెన్ బదవీ? నేను, దౌలత్‌ని. ప్రమాద సరుకుల బల్ల నుంచి. ఓడ కదపకండి నాయనా. ఆగండి, చెప్పాల్సినావిడ ఇక్కడున్నారు."

ఫోన్ ఇనాస్ చేతికిచ్చింది. అప్పుడు ఇద్దరి కళ్ళూ కలిశాయి. దౌలత్ చూపులో క్షమ లేదు. పని ఉంది.

"కెప్టెన్, నా పేరు ఇనాస్ షలబీ. మీ సరుకు జాబితాని ఎవరో మార్చారు. నా ఖాతాతో మార్చారు, తప్పు నాది. మీ ఓడలో ఒక కంటైనరులో బ్లీచింగ్ పౌడరుంది. నంబరు 2209. సిరామిక్ పలకలని రాసి ఉంటుంది. నమ్మకండి. మీ మనుషుల్ని ఊపిరి డబ్బాలు తగిలించుకోమనండి. వేడి తగిలే చోట ఉంటే వెంటనే..."

"ఎక్కడుంది?" అవతలి గొంతు పెద్దది, అలసిపోయినది.

"అది మీ దగ్గర..."

"మదామ్, నా తెర ఇప్పుడే నల్లబడింది. పెట్టెలన్నీ ఎక్కించేశారు. పైన, కింద, ఏడు వరసలు. పెట్టె ఎక్కడుందో నాకు చెప్పేది మీ జాబితాయే కదా? పాత రోజుల్లోలాగా నా దగ్గర పుస్తకం లేదు." వెనక ఎవరో ఏదో అరిచారు. కెప్టెన్ ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి విన్నాడు. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతు చాలా తగ్గింది. "తొమ్మిది వందల పెట్టెలు, పందొమ్మిది మంది మనుషులు. ఇంజను గది పక్క నుంచి ఘాటు వాసన వస్తోందట, కళ్ళు మండుతున్నాయట. ఏ పెట్టె దగ్గర మొదలుపెట్టమంటారు?"